మడమతో నేల చూసేవాడు

మా మామయ్యకు కోపం ముక్కు మీద ఉండేది, నమ్మకమంతా మడమ మీద ఉండేది. డేరాలు వేసే మేస్త్రి ఆయన. ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు, అందరూ "మడమ మేస్త్రి" అనేవారు. ముఖం మీదే అలా పిలిచినా కోప్పడేవాడు కాదు. పైపెచ్చు కాస్త ఛాతీ విరుచుకునేవాడు కూడా.

డేరాలోకి వచ్చేవాళ్లు గుడ్డ చూస్తారు, స్తంభాలు చూస్తారు, వేసిన కుర్చీలు మెత్తగా ఉన్నాయో లేదో చూస్తారు. తాళ్లు కట్టిన మేకుల వైపు మాత్రం ఎవరూ చూడరు, కాలికి తగిలి బోర్లా పడితే తప్ప. పడ్డాక కూడా నాలుగు తిట్లు తిట్టి దులుపుకుని పోతారు. గాలి వచ్చిందంటే డేరాను పట్టుకునేది ఆ మేకులే, మేకుల్ని పట్టుకునేది నేల. "డేరా నిలబెట్టడం ఎవడికైనా వచ్చు. దాన్ని ఎగిరిపోకుండా పట్టుకోవడమే మన పని" అని మామయ్య నా చిన్నప్పట్నుంచీ చెప్పేవాడు. పెద్దదాన్నయి ఆయన పనిచేసే డేరాల కొట్లోనే గుడ్డలు కుట్టే పనిలో చేరాక కూడా, ఆ మాట మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. నేనూ మొదటిసారి వింటున్నట్టే తలూపేదాన్ని. లేకపోతే ఆ పూటంతా మొహం గంటు పెట్టుకుని కూర్చునేవాడు.

కొత్త చోటికి వెళ్లగానే చెప్పులు విప్పేసేవాడు. డేరా హద్దు వెంట నడుస్తూ, తాడు దిగాల్సిన ప్రతిచోటా ఆగి, కుడి మడమతో నేలను గట్టిగా తన్నేవాడు. తన్ని, తల ఒక పక్కకు వంచి నిలబడేవాడు, ఎవరో కిందనుంచి ఏదో చెబుతుంటే వింటున్నట్టు. అప్పుడు ఏ మేకు కావాలో చెప్పేవాడు. గట్టి బంకమట్టి అయితే చెక్క మేకు చాలు. రాళ్లు కలిసిన నేలకు సన్నటి ఇనుప మేకు, అది రాళ్ల సందుల్లో దారి చూసుకుని దిగుతుంది. తడిసి మెత్తబడిన నేలకు మర మేకు, అంటే చివర రెక్క ఉన్న ఇనుప కడ్డీ. దాన్ని కొట్టరు, తిప్పుతూ దించుతారు. ఇసుకలో అయితే ఇవేవీ నిలవవు. గొయ్యి తీసి, తాడు కట్టిన దుంగను అడ్డంగా పడుకోబెట్టి పూడ్చేయాలి.

వీటన్నిటికన్నా చెడ్డది ఒకసారి తవ్వి మళ్లీ కప్పిన మట్టి. పైకి ఏమీ ఎరగనట్టు ఉంటుంది, గడ్డి కూడా మొలుస్తుంది. మేకు ఎంత సులువుగా దిగుతుందో అంత సులువుగా పైకొస్తుంది. దాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. మామయ్య మడమకు మాత్రం చిటికెలో దొరికిపోయేది.

నేల గురించి ఇద్దరు మాట్లాడకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. కొట్టేవాడు కొట్టాలి, కట్టేవాడు కట్టాలి, నేల సంగతి మేస్త్రి ఒక్కడే చెప్పాలి. మేకులు కొట్టేది ఒక పొడుగాటి మనిషి. సమ్మెట ఎప్పుడూ ఆయన భుజం మీదే ఉండేది కాబట్టి ఆయన్నే సమ్మెట అనేవాళ్లు. నేను సమ్మెటన్నా అని పిలిచేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషి. పనిలో చేరిన కొత్తలో ఒకసారి "ఇక్కడ మెత్తగా దిగుతోంది మేస్త్రీ" అన్నాడట. మామయ్య గుడ్లురిమి, "నీకిచ్చింది సమ్మెట రా, నోరు కాదు" అన్నాడట. ఆ మేకు చివరిదాకా చెక్కుచెదరలేదు. మామయ్య మాటే నెగ్గింది. అప్పట్నుంచి సమ్మెటన్న నేల గురించి పెదవి విప్పలేదు. ఈ ముచ్చట మామయ్య అన్నాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా మేమూ నవ్వేవాళ్లం.

మా అత్తయ్య మాత్రం పెద్దగా నవ్వేది కాదు. ఆవిడ తీరే వేరు. మామయ్య ఇల్లు పీకి పందిరేసినా ఆవిడ కూరలు తరుగుతూనే ఉండేది. అరుపులన్నీ అయ్యాక, "అన్నం పెట్టనా?" అనేది. మామయ్య గాలి తీసిన బెలూన్‌లా వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలియక వచ్చినవాళ్లు మామయ్యకే నమస్కారాలు పెట్టేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం కొట్లో నేను పరిచిన కొత్త గుడ్డ మీద ఎర్రటి మరకలు కనిపించాయి. స్తంభాలకు వేసే రంగు ఎవరో తొక్కొచ్చారనుకుని, తిడదామని ఆ మరకల వెంటే వెళ్లాను. అవి మామయ్య దగ్గర ఆగాయి. ఆయన ఓనరుతో నిలబడి తాళ్ల గురించి తీరిగ్గా మాట్లాడుతున్నాడు. మడమలో నేను డేరా గుడ్డలు కుట్టే లావుపాటి సూది సగం దిగబడి ఉంది.

"మామయ్యా, నీ కాల్లో సూది ఉంది" అన్నాను.

"ఏ కాల్లో?" అన్నాడు.

సూది గుచ్చుకున్న మనిషి ఎవడైనా ఏ కాల్లో అని అడుగుతాడా!

వద్దంటున్నా వినకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. డాక్టరు కళ్లు మూసుకోమని, అరికాళ్ల మీద అక్కడా ఇక్కడా పుల్లతో పొడిచాడు. మామయ్య పొడిచినచోట తెలియట్లేదని, పొడవనిచోట తెలుస్తోందని చెప్పాడు. షుగరు చాలాకాలంగా ఉందని, అరికాళ్లలో స్పర్శ పోయిందని, ఇక రాదని, చెప్పులు లేకుండా అడుగు కూడా వేయొద్దని డాక్టరు చెప్పాడు.

మామయ్య బయటికొచ్చి ఇంతెత్తున లేచాడు. "చెప్పులేసుకుని నేల చూడాలట! కళ్లకు గంతలు కట్టుకుని సినిమా చూడమన్నట్టుంది."

"ఎన్నాళ్లయింది మామయ్యా నీకు తెలియడం మానేసి?"

"ఒక్కసారే పోలేదే. కొంచెం కొంచెంగా... ముందు నేలే మారిందనుకున్నాను" అన్నాడు.

ఆ మాట నాకు సూదికన్నా లోతుగా దిగింది. ఎన్ని డేరాలు, ఎంతమంది వాటి కింద కూర్చుని లేచి వెళ్లారు! "మరి ఇప్పుడు నేల ఎవరు చూస్తారు?" అని అడిగితే, "ఎప్పుడూ వేసే చోట్లేగా. నేలలన్నీ నాకు కంఠస్థం. అత్తయ్యకు మాత్రం చెప్పకు. ఆవిడ కంటి ఆపరేషన్ అయిపోనీ" అన్నాడు. ఆపరేషన్ అయిన మర్నాడే నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని ఖరాఖండీగా అన్నాను. ముఖం మాడ్చుకుని, సరే అన్నాడు.

అత్తయ్య ఆపరేషన్ కంటి ఆసుపత్రిలో. సరిగ్గా అప్పుడే ఆ ఆసుపత్రి వార్డుకు పైకప్పు కారుతోందని మరమ్మతు మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినవాళ్లు పడుకోవడానికి వెనక ఖాళీ స్థలంలో పెద్ద డేరా కావాలని మా ఓనరును అడిగారు. ఓనరు మామయ్యను పంపాడు. అక్కడ ఇదివరకు కూడా మేమే వేశాం.

ఆరోజు గుడ్డ చిరుగులు చూసుకోవడానికి నేనూ వెళ్లాను. మామయ్య చెప్పులు విప్పాడు. పదిమందిలో నేనేం మాట్లాడను? హద్దు వెంట నడిచాడు, ఆగాడు, మడమతో తన్నాడు. అంతా ఎప్పటిలాగే. తల మాత్రం పక్కకు వంగలేదు. కళ్లు కింద గడ్డిలో ఏదో వెతుక్కుంటున్నాయి. మైదానం వైపు, గాలి తిన్నగా వచ్చి కొట్టే వైపు, వరస మొత్తానికీ "చెక్క మేకులు చాలు" అన్నాడు.

దగ్గరికెళ్లి మెల్లగా అన్నాను. "మర మేకులు వేయిస్తే పోతుంది కదా మామయ్యా."

"గట్టి బంకమట్టిలో మర మేకులు తిప్పితే ఈ సమ్మెటగాడి నడుం విరుగుతుంది. ఈ నేల నాకు తెలియదా? నువ్వు వెళ్లి గుడ్డ చూసుకో."

సమ్మెటన్న కొట్టడం మొదలుపెట్టాడు. ఆ వరసలో మొదటి మేకు దించాక కాస్త ఆగాడు. మేకు వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. నుదురు తుడుచుకుని రెండో మేకు దగ్గరికి నడిచాడు.

రెండు రోజుల తరవాత పొద్దున్నే అత్తయ్యకు ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు కట్టి, నడిపించుకొచ్చి డేరాలో మంచం మీద పడుకోబెట్టారు. మంచాలన్నీ నిండిపోయాయి. ముసలివాళ్లే ఎక్కువ. తల కదిలించొద్దు, తుమ్మొద్దు, వంగొద్దు అని నర్సమ్మ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరుగుతోంది. మామయ్య అత్తయ్య మంచం పక్కన స్టూలు వేసుకుని, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడిలా ముఖం పెట్టి కూర్చున్నాడు.

నేను ఫ్లాస్కులో పాలు పట్టుకుని మధ్యాహ్నం దాటాక వెళ్లాను. అప్పటికే గాలి లేచింది. మైదానంలో దుమ్ము సుడి తిరుగుతోంది, డేరా గుడ్డ ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఉబ్బినప్పుడు తాళ్లన్నీ బిగుసుకోవాలి. మైదానం వైపు ఒక తాడు బిగుసుకోలేదు. దగ్గరికెళ్లి చూస్తే మేకు చుట్టూ మట్టి నోరు తెరిచినట్టుంది. మేకు పట్టుకుని ఊపాను. గట్టిగా కూడా లాగలేదు. నా చేతిలోకి వచ్చేసింది.

అది పట్టుకుని లోపలికి పరిగెత్తి, మామయ్యను చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను. "చూడు. చేత్తో ఊడింది" అన్నాను.

ఆయన మేకు చూశాడు, గుంత చూశాడు. చెప్పు విప్పి, ఆ పక్కనే మడమతో తన్నాడు. మళ్లీ తన్నాడు. "ఒక్కటే వదులైంది. మిగతావి గట్టిగానే ఉన్నాయి. సమ్మెటను పిలిచి ఇంకోటి కొట్టిద్దాం" అన్నాడు.

"గట్టిగా ఉన్నాయని నీకెలా తెలుసు?"

"తన్ని చూశానుగా!"

"తెలిసిందా నీకు? నిజం చెప్పు, తెలిసిందా?"

"నోరు మూసుకో! నేల గురించి నువ్వు నాకు నేర్పుతావా?" అని అరిచాడు. ఆ అరుపుకు ఆసుపత్రి వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి వచ్చాడు. చెట్టు కింద కూర్చున్న రోగుల తాలూకు మనుషులు కూడా లేచి వచ్చారు. అంతమంది చూస్తుంటే మామయ్య ఇంకా బిగుసుకుపోయాడు. మడమ మేస్త్రి కదా. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. లోపల ఆ మంచాల మీద తల కదిలించకూడనివాళ్లు అంతమంది ఉన్నారు, ఈయన పరువు కాపాడుకుంటున్నాడు.

ఇంతలో డేరా గుమ్మం దగ్గర తెర కదిలింది. అత్తయ్య. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, కట్టు లేని కంటిని చిట్లించి మా వైపు చూస్తోంది. వెనక నర్సమ్మ "అమ్మా, లేవకూడదు, లేవకూడదు" అంటూనే ఉంది. అత్తయ్య నన్నేమీ అడగలేదు. మామయ్యను అడిగింది, ఎప్పటి గొంతుతోనే.

"ఏమండీ, వెళ్లి పడుకోనా?"

మామయ్య ఊడిన తాడు చేతిలోకి తీసుకున్నాడు.

"మీరు పడుకోమంటే పడుకుంటాను. నా పక్క మంచం ఆవిడ కూడా భయపడుతోంది. మా ఆయన వేసిన డేరా, ఏం కాదని చెప్పాను. అవునా?"

మామయ్య ఆవిడ వైపు చూశాడు. ఆయన జీవితంలో అవును అనడానికి అంత కష్టపడ్డం నేను చూడలేదు. అనలేకపోయాడు.

"వద్దు" అన్నాడు. తరవాత అందరికీ వినపడేలా, "అందర్నీ బయటికి తీసుకురండి. ఇక్కడ నేల ఎలా ఉందో నాకు తెలియదు. నా కాళ్లకు ఏమీ తెలియట్లేదు" అన్నాడు.

అప్పుడు వాచ్‌మన్ తాపీగా అందుకున్నాడు. "ఈ వరస పొడుగునా మొన్నీమధ్య నీళ్ల గొట్టం కోసం తవ్వి పూడ్చారు కదండీ. పైన గడ్డి కూడా తెచ్చి పరిచారు. మీకు తెలుసనుకున్నాను." ఆ మాటకు మామయ్య ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయాడు.

నర్సమ్మ, వాచ్‌మన్, నేను, రోగుల తాలూకు మనుషులు, అందరం కలిసి ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని ఆసుపత్రి వరండాలోకి నడిపించాం. తొందరపెట్టడానికి వీల్లేదు, తల అదరకూడదు. మామయ్య ఊడిన మేకు తాడును నడుముకు చుట్టుకుని, నేల మీద చతికిలబడి, కాళ్లు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. తనే ఒక మేకు అయినట్టు. చివరి మనిషి వరండా మెట్టెక్కాక, వచ్చేయ్ మామయ్యా, వచ్చేయ్ అని నేను గొంతు చించుకున్నాను. ఆయన తాడు విడిపించుకుని పక్కకు దొర్లాడు. ఆ తరవాత వచ్చిన గాలికి ఆ వరస మేకులన్నీ ఒకదాని వెనక ఒకటి, చిక్కుడుకాయ ఈనె లాగినట్టు, లేచిపోయాయి. గుడ్డ పైకి లేచి తిరగబడింది. స్తంభాలు మంచాల మీద పడ్డాయి. అత్తయ్య మంచం మీద పడ్డ స్తంభం తలగడ మీదుగా పడింది. తలగడ మీద ఆవిడ తల ఉన్న గుంత ఇంకా అలాగే ఉంది.

వరండాలో ఒక ముసలాయన, ఏం పడింది, ఏం పడింది అని అడుగుతున్నాడు. ఆయనకు కట్టు లేని కన్ను కూడా సరిగ్గా కనిపించదట.

మామయ్య గడ్డిలో కూర్చునే ఉన్నాడు. మడమలు రెండూ చీరుకుపోయి, మట్టీ నెత్తురూ కలిసిపోయి ఉన్నాయి. ఆయనకు తెలియట్లేదు. నర్సమ్మ వచ్చి కడిగి కట్టు కడుతుంటే, ఎవరి కాళ్లో చూస్తున్నట్టు చూశాడు. అత్తయ్య వరండాలోంచి ఆ కాళ్లనే చూస్తూ నన్నడిగింది. "ఎప్పట్నుంచే?" నాకు తెలిసింది చెప్పాను. సూది సంగతి కూడా చెప్పాను. ఇంటికి వచ్చాక మామయ్య అరవలేదు. అత్తయ్య కూడా "అన్నం పెట్టనా?" అని అడగలేదు. కంచం ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో నేను చూసిన అసలైన గొడవ అదొక్కటే.

ఓనరు మంచివాడే, అయినా ఇక నేల నువ్వు చూడొద్దని మొహం మీదే చెప్పాడు. చూడొద్దంటే మరెవరు చూస్తారు? మిగిలినవాళ్లెవరికీ రాదు. నేర్చుకోనిచ్చింది ఎవరు? మామయ్య కొన్నాళ్లు మంచం పట్టినట్టే ఇంట్లో ఉండిపోయాడు. ఎడమ మడమ మానింది. కుడి మడమ పుండు మానీ మానకుండా ఉంది. డాక్టరు దాన్ని చూసినప్పుడల్లా పెదవి విరుస్తాడు. ఆ విరిచిన పెదవి తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

తరవాత బట్టల అమ్మకానికి డేరా కావాలని ఎవరో వచ్చారు. మేం ఎప్పుడూ అడుగుపెట్టని స్థలం. మామయ్య తనూ వస్తానన్నాడు. అత్తయ్య అడ్డం చెప్పలేదు. లావుపాటి బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది, తాళ్లు తనే బిగించి కట్టింది. ఆవిడ వంగి కడుతున్నంతసేపూ ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

స్థలంలో దిగాక అందరం అలవాటుగా ఆయన కోసం ఆగాం. ఆయన బూట్లతోనే హద్దు దాకా నడిచి నిలబడ్డాడు. తన్నలేదు. "సమ్మెటా, ఇక్కడ ఒక చెక్క మేకు కొట్టు" అన్నాడు. సమ్మెటన్న కొట్టాడు.

"ఎలా దిగుతోంది?"

సమ్మెటన్న వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నాడనుకుని.

"నిన్నేరా. నేల ఎలా ఉంది?"

సమ్మెటన్న నోరు తెరిచాడు, మూశాడు. సమ్మెట ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇక్కడ గట్టిదే మేస్త్రీ" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"చేతికి తెలుస్తుంది కదండీ. గట్టి నేలైతే దెబ్బ భుజం దాకా వస్తుంది. తవ్వి పూడ్చిందైతే మణికట్టు దగ్గరే ఆగిపోతుంది."

మామయ్య ఏం అడగబోతున్నాడో నాకు తెలిసిపోయింది, అడగొద్దు అనాలనిపించింది.

"ఆసుపత్రిలో?" అన్నాడు.

"మణికట్టు దగ్గరే ఆగింది."

"మరి చెప్పలేదేం రా?"

సమ్మెటన్న ఎత్తిపొడవలేదు. కోపంగానూ అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే.

"నాకిచ్చింది నోరు కాదన్నారు కదా మేస్త్రీ."

మామయ్య పక్కనే ఉన్న గుడ్డ మోపు మీద కూర్చుండిపోయాడు. ఆ బూట్ల వైపు చూసుకున్నాడు. తరవాత చెయ్యెత్తి, గాలి వచ్చే వైపు హద్దు చూపించాడు.

"అటు వెళ్లి కొట్టు" అన్నాడు. "కొట్టి, ఇక్కడికి వినపడేలా చెప్పు."